వెన్నెల కోసం ఉపవాసం

నరసరావుపేటలో వినుకొండ రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక సందులో చిన్న చర్చి ఉంది. అందులో పాస్టర్ గారు వాక్యం చెప్పే బల్ల పక్కన ఒక రేకు పెట్టె ఉంటుంది. ఒకప్పుడు అది బిస్కెట్ల డబ్బా. మూతకు గాటు పెట్టి, తెల్లరంగు వేసి ప్రార్థన పెట్టె చేశారు. ఎవరికి ఏ కష్టమున్నా చీటీ మీద రాసి అందులో వేస్తారు. రాసినవాళ్ల పేరు అక్కర్లేదు. శుక్రవారం ఉపవాస కూడికలో పెట్టె తెరిచి చీటీలన్నీ పైకి చదువుతారు. ఒక్కో చీటీకి అందరూ మోకరించి ప్రార్థన చేస్తారు.

పదహారేళ్లుగా ఆ చీటీలు చదివేది దయామణి. ఆదివారం పొద్దున పిల్లలకు సండే స్కూలు చెప్పేదీ ఆవిడే. పదో తరగతితో చదువు ఆగిపోయినా గొంతు గట్టిది. ఎంత వంకర రాతైనా తడుముకోకుండా చదివేస్తుంది. చీటీల విషయంలో ఆవిడకు ఒకటే నియమం. పెట్టెలో పడినదేదీ పక్కన పెట్టకూడదు. దేవుడికి రాసుకున్న మాటను ఏరడానికి మనమెవరం అంటుంది.

అలా ఆవిడ చదవని కోరిక లేదు. మిర్చికి తెగులు రాకూడదు, ఫలానా పార్టీ గెలవాలి, మా కోడలి నోరు కాస్త తగ్గాలి. ఒకసారి క్రికెట్ ఫైనల్ కోసం కూడా చీటీ పడింది. సంఘ పెద్ద ఏసోబు గారు వేసిన చీటీ అందరికీ గుర్తే. 'కాలవ కట్ట కింద పొలం కేసులో మా తమ్ముడు ఓడిపోవాలి.' పేరు రాయకపోయినా ఆ పొలం ఎవరిదో ఊరంతటికీ తెలుసు. ఆ తమ్ముడు కూడా రెండు వరసల వెనకే మోకరించి ఉన్నాడు. ఏం చేస్తాడు పాపం, అందరితో పాటు ఆమెన్ అన్నాడు.

దయామణికి ఇంకో అలవాటు ఉంది. రెండేళ్ల కిందట, గుంటూరులో నర్సింగ్ చదివే కూతురు షెర్లీ సెలవులకు వచ్చి, అమ్మ ఫోన్లో కథలు చదువుకునే యాప్ ఒకటి పెట్టి వెళ్లింది. దయామణి మొదట అత్తాకోడళ్ల కథలు చదివింది. అవి ఇంట్లో ఉన్నవే కదా అని విసుగొచ్చింది. ఇంకేమున్నాయా అని వెతుకుతుంటే ఒక రోజు చుక్కల మధ్య తిరిగే ఓడ కనపడింది. అంతే, మధ్యాహ్నం అన్నం తినడం మరిచిపోయింది. ఇన్నేళ్లుగా ఆకాశం వైపు చూసి ప్రార్థన చేస్తోంది గానీ, అక్కడ ఇంత చోటుందని ఎప్పుడూ అనుకోలేదు.

అలాంటి కథలు చదివేవాళ్లది ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. పల్నాడు జిల్లా వాళ్లే నలభై మంది దాకా ఉంటారు. ఆదివారం సాయంత్రం ఆరింటికి అందులో ఒకటే ప్రశ్న వస్తుంది, ఇప్పుడేం చదువుతున్నారు అని. చిలకలూరిపేటలో ఫోన్లు బాగుచేసే రఫీక్ రెండు వందల ఏళ్ల తర్వాత కృష్ణ ఎండిపోయి మనుషులు మంచు కోసం ఆకాశానికి వెళ్లే కథ చదువుతున్నానంటాడు. మాచర్లలో రక్తపరీక్షల ల్యాబులో పనిచేసే జాస్మిన్ డ్రాగన్ గుడ్లను కాపలా కాసే ఆడపిల్ల కథలో మూడో భాగానికి వచ్చానంటుంది. నకరికల్లు నుంచి ఒక రైతు, పత్తి తీత అయ్యేదాకా ఏమీ చదవలేదు, కథలో ఏం జరిగిందో ఎవరూ చెప్పొద్దు అని దణ్ణం పెడతాడు. ఆ మధ్య మాత్రం నలభై మందీ ఒకే జవాబు రాశారు. 'ఇరవయ్యో రేవు.' ప్రతి గురువారం ఒక భాగం వచ్చే సీరియల్ అది.

అందులో వెన్నెల అని ఇరవై రెండేళ్ల పిల్ల ఉంది. ఓడలోనే పుట్టింది, ఓడలో మొక్కల గది చూసుకుంటుంది. ఇరవయ్యో రేవులో ఏదో విత్తనం కోసం దిగితే ఆ పిల్లను వదిలేసి ఓడ వెళ్లిపోయింది. అక్కడివాళ్ల భాష రాదు. ఒక ఆసామి ఇంట్లో పనికి పెట్టుకున్నారు. ఇంటికి కబురు పంపితే చేరడానికి పదకొండేళ్లు పడుతుంది. ఆ గురువారం భాగం అక్కడ ఆగిపోయింది. ఆ పిల్ల నేల తుడుస్తూ, తనకే వినపడేట్టుగా, తల్లి పేరు చెప్పుకుంటూ ఉంది.

"ఏమే, మీ చంద్రమండలంలో అన్నం వండుకోరా? ఇక్కడ ఎసరు పొంగి పొయ్యి ఆరిపోయింది," అన్నాడు భర్త కోటయ్య. ఆర్టీసీ డిపోలో మెకానిక్ ఆయన. ఆవిడ కళ్లు తుడుచుకోవడం చూసి తనే పొయ్యి వెలిగించాడు.

మోయలేని బరువు ఏదైనా ఉంటే చీటీ రాసి పెట్టెలో వేయడం దయామణికి చిన్నప్పటి నుంచీ చెయ్యి నేర్చిన పని. మర్నాడు చర్చి ఊడ్చి, చాపలు పరిచి, బల్ల మీది పెన్ను తీసుకుని రాసేసింది. 'వెన్నెల అనే ఆడపిల్ల పరాయి చోట పనిమనిషిగా చిక్కుకుపోయింది. ఇంటివాళ్లకు కబురు చేరడం లేదు. క్షేమంగా ఇల్లు చేరాలి.' పెట్టెలో పడ్డాక గానీ తను చేసింది తెలిసి రాలేదు. కూడికలో ఆ చీటీ చేతికొచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగింది. పక్కన పెట్టేయొచ్చు, ఎవరూ చూడరు. కానీ ఏసోబు గారి చీటీని పక్కన పెట్టలేదు, కోడలి నోటి చీటీని పక్కన పెట్టలేదు. తన చీటీ అయితే మాత్రం నియమం మారుతుందా? చదివింది.

చర్చి అంతా ఒక్కసారి నిట్టూర్చింది. ఎవరూ అడగలేదు గానీ, అందరికీ ఒకటే తోచింది. కువైట్. ఆ పేటలో ఇళ్లలో పనికి అక్కడికి వెళ్లిన ఆడవాళ్లు లేని వీధి లేదు. పాస్టర్ గారు కన్నీళ్లతో ప్రార్థన చేశారు. ఏసోబు గారు లేచి, ఆ బిడ్డ కోసం రేపు కూడా ఉపవాసం ఉందాం అన్నారు. అరవై మంది ఉన్నారు. దయామణి ఆ సాయంత్రమే నోరు తెరవాల్సింది. ప్రార్థన వద్దని ఎట్లా చెప్పాలో తెలియక ఇంటికొచ్చి తనూ ఉపవాసం ఉంది.

వారం తిరిగింది. ఆ తర్వాతి ఆదివారం ఆరాధన ముగిశాక ఏసోబు గారు లేచి నిలబడ్డారు.

"వెన్నెల ఎవరి బిడ్డో తెలీదు గానీ ఊరుకోలేకపోయాను. గుంటూరులో నాకు తెలిసినాయన ఉన్నాడు. పరాయి దేశాల్లో చిక్కుకున్నోళ్లను వెనక్కి తెప్పించే పని చూస్తాడు. పాస్‌పోర్టు నకలు కావాలన్నాడు. చీటీ రాసినోళ్లు సిగ్గుపడకుండా లేవండి."

దయామణి లేచింది. "నేనే రాశానండి."

"నువ్వా? మీ చుట్టాలమ్మాయా?"

"కాదండి."

"మరి ఏ దేశంలో ఉంది?"

"దేశం కాదండి. కథలో ఉంది. ఫోన్లో వారం వారం వచ్చే సీరియల్. ఆ పిల్లను ఓడ వదిలేసి వెళ్లిపోయింది. అది మన భూమ్మీద కాదు, చంద్రుడి లాంటి చోటు."

 మగవాళ్ల వైపు నుంచి ఎవరో అన్నారు. "చంద్రుడి మీదకు పాస్‌పోర్టు ఎందుకులే పెద్దయ్యా." నవ్వులు చర్చి బయటి దాకా వినపడ్డాయి. ఏసోబు గారి ముఖం ఎర్రబడింది. ఆడవాళ్ల చాప మీద చివరగా కూర్చునే సువార్తమ్మ మాత్రం నవ్వలేదు. సంచీ తీసుకుని, ఎవరి వైపూ చూడకుండా వెళ్లిపోయింది.

బుధవారం సాయంత్రం కమిటీ కూర్చుంది. పాస్టర్ గారు, ఏసోబు గారు, ఇంకో ఇద్దరు పెద్దలు. దయామణిని నిలబెట్టే మాట్లాడారు.

"దేవుణ్ణి మోసం చేశావమ్మా," అన్నారు ఏసోబు గారు.

"దేవుడు మోసపోతాడాండీ? ఆ పిల్ల ఎక్కడుందో ఆయనకు ముందే తెలుసు కదా."

"ఎదురు మాట్లాడబాక. లేని మనిషి కోసం అరవై మంది కడుపులు మాడ్చావు."

"తప్పేనండి. చదివినప్పుడే చెప్పాల్సింది. అది ఒప్పుకుంటా."

"అదొక్కటే కాదు. ఆ దయ్యాల కథలు, గాల్లో ఓడలు, అదంతా ఒప్పుకోవాలి. వచ్చే ఆదివారం అందరి ముందూ నిలబడి, ఈ అబద్ధపు కథలు మానేశాను, ఫోన్లోంచి తీసేశాను అని చెప్పు. చెబితే సండే స్కూలు నీదే. లేకపోతే మా కోడలు చూసుకుంటుంది."

దయామణి పాస్టర్ గారి వైపు తిరిగింది. "అయ్యగారూ, తెలియక అడుగుతున్నా. ప్రభువు చెప్పిన తప్పిపోయిన కొడుకు లాంటి కథల్లో మనుషులకు ఇంటి నంబర్లు ఉన్నాయా? వాళ్లను తలుచుకుని మనం ఏడవలేదా?"

"అవి ఆయన చెప్పినవి తల్లీ."

"ఇదీ అంతటిదని నేను అన్లేదు. లేని మనిషి మీద జాలి పడితే పాపమా అనే అడుగుతున్నా."

పాస్టర్ గారు మంచివాడు. జవాబు తెలియనప్పుడు తెలిసినట్టు మాట్లాడే మనిషి కాదు. ఆయన తల వంచుకుని బల్ల మీది కాగితాలు సర్దారు. ఏసోబు గారు చెప్పులేసుకుని బయటికి నడిచారు. తీర్పు అయిపోయింది.

ఇంటికి నడుస్తుంటే దయామణికి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది.  తమ్ముడు ఓడిపోవాలన్న చీటీకి అందరూ మోకరించారు. పార్టీ గెలవాలన్న చీటీకి రెండు సార్లు మోకరించారు. క్రికెట్ కోసం మోకరించినప్పుడు ఎవరి ఉపవాసమూ వృథా కాలేదు. ఎవరి చెడూ కోరకుండా, ఒక ఆడపిల్ల ఇల్లు చేరాలన్న చీటీ దగ్గరికొచ్చేసరికి సంఘం పరువు పోయిందట. ముప్పై ఒక్క మంది పిల్లలు తన క్లాసులో ఉన్నారు. ఎవరికి నత్తి ఉందో, ఎవడు అన్నం తినకుండా వస్తాడో తనకు తెలుసు. వాళ్లకు పదహారేళ్లుగా చెబుతున్నది ఒకటే, అబద్ధం ఆడొద్దని. ఇప్పుడు ఆ పిల్లల ముందే నిలబడి, మానలేని దాన్ని మానేశానని చెప్పాలి.

గురువారం మాచర్ల నుంచి జాస్మిన్ ఫోన్ చేసింది. "ఏంది ఆంటీ, మొన్న ఆదివారం గ్రూపులో జవాబే పెట్టలేదు? ఒంట్లో బాగుండలేదా?"

దయామణి జరిగిందంతా చెప్పింది.

"దుర్మార్గం ఆంటీ," అంది జాస్మిన్. "మా నానీకి, అదే మా అమ్మమ్మకు, ఆ డ్రాగన్ల కథ చదివి వినిపిస్తుంటే, గుడ్డులో పిల్ల చచ్చిపోయిన చోట చేతులెత్తి దువా చేసింది. ఎవరన్నా ఏమన్నారా?"

"మీ నానీ మైకులో చేయలేదు కదమ్మా."

ఇద్దరూ నవ్వుకున్నారు. తర్వాత జాస్మిన్ గొంతు తగ్గించి, "ఆంటీ, మానేశానని చెప్పేయండి. చెప్పి చదువుకోండి. మీ ఫోన్ ఎవరు చూస్తారు?" అంది.

కోటయ్య కూడా అదే మాట అన్నాడు. "ఒక్క మాటతో పోయేదానికి క్లాసు పోగొట్టుకుంటావా? అనేసి రా."

"చర్చిలో నిలబడి అబద్ధం చెప్పమంటావా?"

"మరి వాళ్లు అడిగేది అదేగా."

"అదే నా కోపం. అబద్ధపు కథలు చదివానని తప్పు పట్టి, నా చేత అబద్ధం చెప్పిస్తే వాళ్లకు తృప్తి." గిన్నెలు ఆ రోజు కొంచెం గట్టిగానే చప్పుడు చేశాయి. కోటయ్య డిపోకు వెళ్లిపోయాడు.

శనివారం మధ్యాహ్నం ఆవిడ సువార్తమ్మ ఇంటికి వెళ్లింది. సువార్తమ్మ మిర్చి తొడిమలు తీసే పనికి పోతుంది. అప్పుడే వచ్చి, మంట పుట్టే చేతులను మజ్జిగ గిన్నెలో పెట్టుకుని గడపలో కూర్చుని ఉంది. ఆవిడ కూతురు దీవెన కువైట్ వెళ్లి మూడేళ్లయింది. ఆ సంగతి దయామణికి తెలుసు. ఎనిమిది నెలలుగా ఫోన్ రావడం లేదన్న సంగతి మాత్రం అప్పుడే విన్నది.

"వదినా, నా వల్ల తప్పు జరిగింది. చెప్పుకుందామని వచ్చాను," అంది దయామణి.

సువార్తమ్మ కూర్చోమనలేదు. "ఏం చెప్తావు? పదహారేళ్ల నుంచి చదువుతున్నావు గదా ఆ పెట్టెలోయి. నా బిడ్డ పేరు ఎన్నిసార్లు చదివినావు?"

"నువ్వు చీటీ వేయలేదు కదా వదినా."

"నాకు రాయడం వచ్చా?"

దయామణి గడప ముందు నేల మీద కూర్చుండిపోయింది.

"ఎనిమిది నెలలు ఆ పెట్టె ఎదురుగానే కూర్చున్నా. ఏం సువార్తమ్మా, నీదేమన్నా ఉందా అని ఒక్కరు అడగలా. ఆ శుక్రవారం నువ్వు చదువుతుంటే నాకేమనిపించిందో తెలుసా? ఎవరో మా దీవెన సంగతి కనిపెట్టి, గుట్టుగా పేరు మార్చి రాశారనుకున్నా. మనకూ ఒకళ్లున్నారు అనుకున్నా. రెండు రోజులు మంచినీళ్లు కూడా ముట్టలా." సువార్తమ్మ చేతులు గిన్నెలోంచి తీసి కొంగుకు తుడుచుకుంది. "పో. నాకు పనుంది."

ఆ రాత్రి దయామణి ఫోన్ తెరవలేదు. మోకరించింది. అంతవరకూ ఏసోబు గారి మీద వచ్చిన కోపమంతా పోలేదు గానీ, అందులో సగం దారి తప్పి తన మీదికే వచ్చింది. పెట్టెలో పడినదేదీ పక్కన పెట్టనని ఎంత గర్వపడింది. పెట్టె దాకా రాలేనివాళ్లను అందరూ కలిసి పక్కనే పెట్టారు. అందులో తనూ ఉంది. వెన్నెల తల్లి పేరు గొణుక్కుంటుంటే వినపడింది గానీ, నాలుగు చాపల అవతల కూర్చున్న మనిషి మౌనం వినపడలేదు. ఇది ఆ కథ చేసిన తప్పా, తన చెవి చేసిన తప్పా అని దేవుణ్ణి అడిగింది. ఆయన వెంటనే చెప్పే అలవాటున్నవాడు కాదు.

ఆదివారం చర్చి నిండిపోయింది. ఏమంటుందో విందామని ఎప్పుడూ రానివాళ్లు కూడా వచ్చారు. ముందు చాప మీద ఆవిడ క్లాసు పిల్లలు కూర్చున్నారు. పాస్టర్ గారు పిలిచారు. దయామణి బల్ల పక్కన నిలబడింది.

"రాసిన చీటీ గురించి చదివిన రోజే చెప్పాల్సింది. చెప్పలేదు. అందరూ క్షమించాలి," అంది. ఏసోబు గారు తల ఆడించారు. "ఇంకో తప్పు ఉంది. అది పెద్దది. పదహారేళ్లు ఈ పెట్టెలో పడినవే చదివాను. పడనివి ఎవరివో అడగలేదు. సువార్తమ్మ వదిన కూతురు దీవెన దగ్గర నుంచి ఎనిమిది నెలలుగా ఫోన్ లేదు. వదిన ఇక్కడే కూర్చుంటోంది. వదినా, నీ ముందు తలవంచుకుంటున్నా."

అందరి తలలూ చివరి చాప వైపు తిరిగాయి. సువార్తమ్మ నేల వైపే చూస్తోంది.

"పెద్దయ్య గారూ, గుంటూరులో మీకు తెలిసినాయన ఉన్నాడన్నారు. ఈ అమ్మాయి కథలో లేదు. కువైట్లో ఉంది. పాస్‌పోర్టు కూడా ఉంది."

ఏసోబు గారు గొంతు సవరించుకున్నారు. నలుగురిలో అన్న మాట, కాదనలేరు. "నకలు పంపించమను. మాట్లాడతా," అన్నారు. తర్వాత గుర్తొచ్చినట్టు, "అసలు సంగతి చెప్పు. ఆ కథల గురించి," అన్నారు.

"మానేస్తానని చెప్పలేనండి."

"ఏంది?"

"చెప్పి మానకపోతే అబద్ధం అవుతుంది. మానడానికి నాకు కారణం కనపడటం లేదు. దేవుడు ఆ చుక్కలన్నీ ఊరికే చేశాడంటారా? వాటి గురించి ఎవరో ఆలోచించి రాస్తే, చదివి ఒక ఆడపిల్ల కోసం బాధపడ్డాను. ఆ బాధ ముందు మన సువార్తమ్మ వదిన దగ్గరికి పోవాల్సింది, పోలేదు. ఆ సిగ్గు నాది. చదివినందుకు మాత్రం సిగ్గుపడను."

"అయితే క్లాసు వదులుకున్నట్టేగా."

"నేను వదల్లేదండి. మీరు తీసుకుంటున్నారు. రెండూ ఒకటి కాదు."

 ఏసోబు గారు తన కోడలి వైపు చూసి చెయ్యి ఊపారు. ఆ అమ్మాయి బెరుగ్గా లేచి పిల్లలను వెనక గదిలోకి రమ్మంది. పిల్లలు కదల్లేదు. దయామణి వైపు చూస్తూ కూర్చున్నారు. "పోండమ్మా, కొత్త టీచరు మాట వినాలి," అంది దయామణి.  వాళ్లు ఒకళ్ల వెనక ఒకళ్లు వెళ్లారు. నత్తి ఉన్న పిల్ల గుమ్మం దగ్గర ఆగి వెనక్కి చూసింది. దయామణి ఆడవాళ్ల చాపల వైపు నడిచి, దొరికిన చోట కూర్చుంది. ఆరాధన ముగిసేదాకా ఆవిడకు ఒక్క మాటా చెవిన పడలేదు. వెనక గదిలోంచి పిల్లల పాట మాత్రం వినిపిస్తూనే ఉంది, ఎక్కడో ఎవరో శ్రుతి తప్పుతున్నారు.

గేటు దగ్గర చెప్పులు వెతుక్కుంటుంటే పక్కన ఎవరో నిలబడ్డారు. సువార్తమ్మ. ముఖంలో శనివారం నాటి కోపం ఇంకా పోలేదు.

"క్లాసు పోయిందిగా. సాయంత్రాలు ఖాళీయే గదా?"

"ఖాళీయే వదినా."

"గుంటూరాయనకు రాయాలి. అది పనికున్న సేఠు ఇంటి సంగతి, దీవెన ఆఖరున ఏం మాట్లాడిందీ, అన్నీ చెప్తా. నేను చెప్పినట్టే రాయి, మధ్యలో నీ తెలివి కలపబాక." రెండడుగులు వేసి మళ్లీ ఆగింది. "కాగితాలు నువ్వే తెచ్చుకో. ఒకటీ రెండూ చాలవు."